బస్టాండు దాచిన నంబరు

కోర్టు భోజన విరామంలో డబ్బా మూత తీస్తుండగా ఫోను మోగింది. తెర మీద మార్తమ్మత్త పేరు. ఆ పేరుతో వచ్చే ఫోను కొంతకాలంగా యోహాను మామదే అయ్యేది. తన ఫోను కోర్టు అధీనంలో ఉండడంతో ఆయన భార్య ఫోనుతోనే లోకవ్యవహారమంతా నడిపేవారు. అందుకే ఎత్తీ ఎత్తగానే, "ఏంది మామా, అన్నం ముందర కూర్చున్నప్పుడే గుర్తొస్తానా నీకు?" అన్నాను. అవతల నిజంగానే మార్తమ్మత్త గొంతు వినిపించింది. "మామ పోయినాడు కోడలా. పొద్దున పేపరు చదువుకుంటా కూర్చున్నాడు. అట్లనే ఉండిపోయినాడు." నా వేళాకోళం ఆమె చెవిన పడిందన్న సిగ్గు ముందు కలిగింది. దుఃఖం ఆ తరవాత వచ్చింది. వచ్చింది ఇంకా పోలేదు.

మార్కాపురం విలేకరి యోహాను గారి నిర్యాణవార్త పత్రికల లోపలి పేజీలో, ఆయన జీవితమంతా రాసిన వార్తలంత చిన్నదిగా వచ్చింది. విలేకరుల సంఘం సంస్మరణ సంచికకు నన్ను రాయమని సంఘం కార్యదర్శి సుబ్బారెడ్డన్న అడిగాడు. నేను విలేకరిని కాను. గిద్దలూరులో వకీలును. ఫోన్లూ ఇంటర్నెట్టూ వాడే మామూలు మనుషుల హక్కుల కోసం పనిచేసే ఒక చిన్న బృందంలో సభ్యురాలిని. మా బృందానికీ వాళ్ల సంఘానికీ ఒకప్పుడు అసలు పొసగేది కాదు. ఇవాళ వాళ్ల సంచికలో నా చేత రాయిస్తున్నారంటే ఆ పుణ్యం పూర్తిగా దివంగతులదే.

ఆయన త్రిపురాంతకం వైపు ఒక పల్లెలో, కూలి చేసుకు బతికే క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని, చదువు రాని పెద్దలకు పేపరు చదివి వినిపించేవారట. ఒకనాడు వాళ్ల నాయన అంతా విని, "మన ఊరి సంగతి యాడుందిరా ఇందులో?" అని అడిగాడట. వెతికితే లేదు. ఆ మరుసటి వారమే మంచినీళ్ల బోరు చెడిపోయిన సంగతి కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఒంగోలు బస్సు డ్రైవరు చేతికిచ్చారు. అప్పట్లో మన వైపు వార్తలన్నీ బస్సు కవర్లలోనే పోయేవి. డ్రైవర్ల కోసం కాచుకుని కాచుకుని మార్కాపురం బస్టాండే ఆయన కార్యాలయమైంది. కవర్లు పోయి ఫ్యాక్సులొచ్చినా, ఫ్యాక్సులు పోయి చేతి ఫోన్లొచ్చినా ఆ చోటు మాత్రం మారలేదు. మస్తాన్ భాయ్ టీ హోటలులో గోడవారగా ఉన్న బల్ల, దాని మీద ఆయన ఫోను, పక్కన సగం తాగిన టీ.

ఆ ఫోను గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది పేరుకు ఆయనది. బస్సు తప్పిపోయిన వాళ్లు, చార్జింగు అయిపోయిన వాళ్లు, యర్రగొండపాలెం నుంచి ఆసుపత్రికొచ్చి ఇంటికి కబురు చెప్పాల్సిన వాళ్లు ఎవరొచ్చినా, "అన్నా, ఒక్క ఫోను చేసుకుంటా" అనడమే ఆలస్యం. ఆయన రాసుకుంటున్న కాగితం మీంచి తలెత్తకుండా తాళం నంబరు పైకే చెప్పేవారు. కొత్తవాళ్లకు మస్తాన్ భాయ్ చెప్పేవాడు. చెప్పుల దుకాణం ముసలాయనకు తెలుసు, పూలమ్మే ఆమెకు తెలుసు, కండక్టర్లందరికీ తెలుసు. "తాళం అసలెందుకు మామా మరి?" అని అడిగితే, "జేబులో ఉన్నప్పుడు దానంతటదే ఎవరికో ఒకరికి ఫోను పోతాది కోడలా, అందుకని" అన్నారు అమాయకంగా. నా వృత్తిధర్మానికి అంతకుమించిన అవమానం నేనెరగను.

మా తొలి పరిచయమే తగువుతో మొదలైంది. ఫోనును ఎలా కాపాడుకోవాలో విలేకరులకు నేర్పుదామని మా బృందం మార్కాపురంలో ఒక శిక్షణ పెట్టింది. వచ్చినవాళ్లలో సగంమంది భోజనం ఎన్నింటికని అడిగారు. నేను తెర మీద బొమ్మలు చూపిస్తూ, సమాచారమిచ్చినవారి సందేశాలను పని అయిపోగానే చెరిపేయాలని చెప్పాను. సుబ్బారెడ్డన్న లేచి, "చెరిపేస్తే రేపు కోర్టులో ఆధారమేం చూపించాలమ్మా? మీకేం, మీరు ఏసీ గదుల్లో కూర్చుని చెప్తారు" అన్నాడు. గిద్దలూరులో మా ఆఫీసు రేకుల షెడ్డు. ఎండాకాలం అందులో కూర్చుంటే అప్పడాల్లా కాలిపోతాం. నాకు తిక్క రేగింది. "మీరు పేరు కోసం వార్త రాస్తారు. పేరు బయటపడ్డ కూలోడు ఏమైనాడో మళ్లీ పోయి చూసినారా?" అనేశాను. గదిలో గొడవ మొదలైంది. వెనక వరసలో తెల్లచొక్కా పెద్దాయన ఒకరు అప్పటిదాకా విని, "అమ్మాయ్, ఏ ఊరు నీది? ఎవరి బిడ్డవు?" అని అడిగారు. చెప్పాను. "అట్లయితే మీ నాయన నాకు బావ. పంట నష్టం వార్తలకు నన్ను పొలాలెంబడి తిప్పినాడు. నువ్వు కోడలివయ్యావు గదా. ఇంగ కోడలు తిడితే మాకు తప్పు లేదు, కూర్చోండయ్యా" అన్నారు. అందరూ నవ్వి కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, ఇంకేం చేయను.

మితభాషి. నిరాడంబరుడు. ఈ విశేషణాలు సంస్మరణ వ్యాసాల్లో ఎవరికైనా తగిలిస్తారు గనుక ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. వార్త పంపేముందు అందులో ఎవరి మాటలున్నాయో వారికి చదివి వినిపించడం ఆయన నియమం. ఒకసారి పలకల గనుల దుమ్ము గురించి రాసినప్పుడు నేను వెంట ఉన్నాను. గనిలో పనిచేసే ఒకామె తన దగ్గు గురించి చెప్పిన మాటలు విని నాకే కన్నీళ్లొచ్చాయి. ఆయన చదివి వినిపించగానే ఆమె, "అన్నా, నేనట్ల అన్లేదేమో. అన్నా గానీ ఆ మాట వద్దులే, మా ఆయన వింటే బాధపడతాడు" అంది. వార్తకు ప్రాణం లాంటి ఆ మాటను ఆయన అక్కడికక్కడే కొట్టేశారు. దారిలో నేను సణిగాను. "ఆమె మాట ఆమెది కోడలా. నాకు ఇచ్చింది, మళ్లీ తీసుకునింది. ఇచ్చినప్పుడు తీసుకునేటోణ్ణి, అడిగినప్పుడు ఇయ్యొద్దా?" అన్నారు. నేను లా పుస్తకాలు ముందేసుకుని గంటసేపు చెప్పే సంగతిని ఆయన నడుస్తూ నడుస్తూ చెప్పేశారు. ఆ రోజు నుంచి ఆయన మీద కోపం నటించడం నాకు కష్టమైంది.

ఇక అసలు సంగతికొస్తాను. మన ప్రాంతపు ఫ్లోరైడు నీళ్ల కథ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి, మోకాళ్లు వంగవు. ఊరి పేరు రాయను గానీ, అలాంటి ఒక ఊరికీ చుట్టుపక్కల పల్లెలకూ శుద్ధిచేసిన నీళ్లు ట్యాంకర్లలో తోలే కాంట్రాక్టరొకడు, శుద్ధి యంత్రం చెడిపోయినా బాగుచేయించకుండా మామూలు బోరు నీళ్లే నింపి పంపుతున్నాడు. ఆ నీటిశుద్ధి ప్లాంటులోనే పనిచేసే ఒకామె ఈ సంగతి యోహాను గారికి గొంతు సందేశంగా పంపింది. మన వైపు ఆడవాళ్లు ఫోనులో ఎలా మాట్లాడతారో తెలిసిందే. ముందు తన పేరు, ఫలానా వాళ్ల కోడలినని, ఫలానా ఊరని, ఇల్లు ఎక్కడుందో గుర్తులతో సహా చెప్పి, ఆ తరవాతే విషయంలోకొస్తారు. ఆమె కూడా అలాగే చెప్పుకొచ్చింది. ఆయన ప్లాంటుకు స్వయంగా వెళ్లి కళ్లారా చూసి వార్త రాశారు. ఆమె ప్రసక్తి వార్తలో ఎక్కడా లేదు. కానీ ఆధారం ఉండాలి గదా అని ఆమె గొంతును ఫోనులో అలాగే ఉంచేశారు.

వార్త వచ్చిన కొద్దిరోజులకే కాంట్రాక్టరు ఫిర్యాదు చేశాడు. ప్లాంటులోకి దౌర్జన్యంగా చొరబడ్డాడని, పరువు తీశాడని కేసు. స్టేషనుకు పిలిపించి ఫోను తీసుకుని, తాళం నంబరు అడిగారు. ఆ దశలో ఇంకొకరైతే మరిచిపోయానని చెప్పేవారు. ఆయన అబద్ధమాడలేదు. "తెలుసు సార్. చెప్పను" అన్నారు. అధికారి మర్యాదస్తుడే. నంబరు చెబితే సాయంత్రానికల్లా ఫోను ఇంటికి తీసుకుపోవచ్చని నచ్చజెప్పాడు. "నాకు ఫోను లేకపోతే జరుగుబాటు అవుతాది. ఇంగొకరికి పని పోతే జరగదు" అని మాత్రం చెప్పి బెంచీ మీద కూర్చున్నారట. రాత్రికి ఫోను కోర్టుకు పంపడానికి ఉంచుకుని, ఆయన్ని ఇంటికి పంపేశారు.

కబురందగానే నాకు భయమేసింది. ఆయన ధైర్యాన్ని శంకించలేదు. నంబరు బస్టాండంతటికీ తెలుసు! ఒక కానిస్టేబులు మఫ్టీలో వచ్చి ఒక టీ తాగితే చాలు, ఆమె పేరూ ఊరూ ఇల్లూ ఆమె గొంతుతోనే బయటికొస్తాయి. ఆ కాంట్రాక్టరు ఊళ్లో ఆమె రేషను సరుకులు తెచ్చుకోవాలి, పిల్లల్ని బడికి పంపుకోవాలి. ఈ ముసలాయన అందరికీ పంచిపెట్టిన తాళం ఆమె మెడకు చుట్టుకుంటుందని తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను, మనసులో ఆయన్ని తిట్టుకున్నాను కూడా.

మర్నాడు మస్తాన్ భాయ్ హోటలులో సమావేశమయ్యాం. సంఘం తరఫున సుబ్బారెడ్డన్న, మా బృందం తరఫున నేను. కోర్టులో వేయాల్సిన పిటిషను గురించే పేచీ మొదలైంది. విలేకరి ఫోను గనుక ముట్టుకోకూడదని రాయాలన్నాడు ఆయన. ఎవరి ఫోనైనా సరే ముట్టుకోకూడదని రాయాలన్నాను నేను. "అందరిదీ అంటే మా కేసు పలచబడిపోతాది లాయరమ్మా. పత్రికా స్వేచ్ఛ అంటే జడ్జిగారు తలెత్తి చూస్తారు" అన్నాడు. "అయితే మీకొక చట్టం, ఆ ప్లాంటు ఆమెకొక చట్టమా అన్నా? రేపు ఆమె ఫోనే గుంజుకుంటే మీ సంఘం టెంటు వేస్తాదా?" అన్నాను. మాటలు పెరిగాయి. యోహాను గారు మాత్రం టీ గ్లాసులో చెంచా తిప్పుతూ కూర్చున్నారు.

అంతలో చేతిలో ఆసుపత్రి సంచితో ఒకామె వచ్చి, అలవాటు ప్రకారం, "అన్నా, ఫోను" అంది. ఆయన బల్ల మీద చెయ్యి వేశారు. అక్కడ ఫోను లేదు. చుట్టూ చూసి, "సుబ్బారెడ్డీ, నీదియ్యి" అన్నారు. సుబ్బారెడ్డన్న జేబులోంచి తీశాడు గానీ చెయ్యి ముందుకు రాలేదు. "ఇందులో నా సంగతులు శానా ఉండాయన్నా" అని నసిగాడు. చివరికి తానే తాళం తీసి, ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆ ఫోను మీదే కళ్లు పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె వెళ్లాక యోహాను గారు నవ్వలేదు, నెమ్మదిగా అన్నారు. "ఒక్క ఫోను ఇయ్యడానికే నీకు గుండె జారింది గదా. నా ఫోన్లో ఇట్లాంటోళ్లు ఎంతమంది మాట్లాడినారో నాకే తెలియదు. వాళ్ల ఇళ్ల నంబర్లు, వాళ్ల బిడ్డల ఫోటోలు, వాళ్ల కష్టాలు అన్నీ అందులోనే ఉండాయి. విలేకరి ఫోనని రాయి, ఊరోళ్ల ఫోనని గూడా రాయి. రెండూ ఒక్క కాగితం మీదనే రాయండి. కోడలు కోర్టులో మాట్లాడుతాది, నువ్వు బయట మాట్లాడు."

అలాగే చేశాం. సంఘం వాళ్లు దర్శి నుంచి గిద్దలూరు దాకా విలేకరులందరినీ కూడగట్టి ఆఫీసుల ముందు కూర్చున్నారు. నేనూ మా బృందంలోని వకీళ్లూ వాదన చూసుకున్నాం. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ నిర్బంధించరాదన్న సూత్రం ఒకవైపు, ఆ ఫోనులో నిక్షిప్తమైన పరుల గోప్యత మరొకవైపు. సుబ్బారెడ్డన్న కోర్టు హాలులో వెనక నిలబడి, నేను ఆంగ్లంలో చెప్పినప్పుడల్లా పక్కవాళ్లకు తెలుగులో చెప్పేవాడు. కొన్నిచోట్ల నాకంటే బాగానే చెప్పాడు.

నేను భయపడ్డదీ జరిగింది. మామూలు చొక్కా వేసుకుని ఒకాయన మస్తాన్ భాయ్ హోటలుకొచ్చి, టీ తాగుతూ, "భాయ్, ఆ పెద్దాయన ఫోను నంబరు నీకు తెలిసే ఉంటాది గదా" అన్నాడు. మస్తాన్ భాయ్ గ్లాసు తుడుస్తూ, "టీలో చక్కెర ఎంతేసినానో అడుగు సార్, చెప్తా" అన్నాడు. వచ్చినాయన చెప్పుల దుకాణానికి వెళ్లాడు. ముసలాయనకు చెవుడొచ్చింది. పూలమ్మే ఆమె, "నాకు లెక్కలు రావు నాయనా, మూర కొలవడమొక్కటే వచ్చు" అంది. కండక్టర్లు బస్సులెక్కేశారు. ఎవరూ ఎవరికీ చెప్పుకున్నది లేదు, ఎవరూ వాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్పిందీ లేదు. నా శిక్షణకు వాళ్లలో ఒక్కరూ రాలేదు. ఈ సంగతి నేను చెప్పినప్పుడు యోహాను గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఆ వచ్చినాయనకు గూడా నంబరు తెలుసు కోడలా. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉన్నెప్పుడు నా ఫోన్లోనే మాట్లాడేటోడు. పైనోళ్లు పొమ్మన్నారు, వచ్చినాడు, అడిగినాడు, పోయినాడు" అన్నారు. కేసు ముగిసింది, ఆ వచ్చినాయన కూడా బదిలీ మీద వెళ్లిపోయాడు గనుక ఇది రాస్తున్నాను. ఆయన పేరు నేను అడగలేదు.

నంబరు చెప్పమని బలవంతపెట్టరాదని కోర్టు చెప్పింది. తరవాత కేసే కొట్టేశారు. ట్యాంకర్లు మారాయి, యంత్రం బాగుపడింది. ఆ ప్లాంటులో ఆమె ఇంకా పనిచేస్తూనే ఉందని ఆయన ఒకే ఒక్కసారి చెప్పారు. ఎవరామె అని నేను అడగబోతే, "నీకెందుకు? నువ్వే గదా చెరిపెయ్యమనింది. నీ తలకాయలో మాత్రం ఎందుకు రాసుకోవాల?" అన్నారు. ఆనాటి నుంచి సంఘమూ మా బృందమూ నెలకోసారి అదే బల్ల చుట్టూ కూర్చుంటున్నాయి. మొదటిసారి కూర్చున్నప్పుడు ఆయన ఇలా అన్నారు: "మీరు మాకు తాళాలెయ్యడం నేర్పండి. నోరు కట్టుకోవడం ఎట్లనో బస్టాండోళ్లు మీకు నేర్పుతారు." బస్టాండు జనం కోసం ఆ బల్ల మీద ఒక బటన్ల ఫోను పెట్టించారు. అందులో మాట్లాడడం తప్ప ఇంకేమీ లేదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆయన ఫోను తిరిగిచ్చేయమని ఉత్తర్వు వచ్చింది. యజమాని స్వయంగా హాజరై సంతకం చేసి తీసుకోవాలి. "కోర్టుకు నలిగిన చొక్కాతో పోతే కోడలికి నామర్దా" అని మార్తమ్మత్త చేత తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి గోడకు తగిలించుకున్నారు. ఫోను చేతికి రాగానే ఆ గొంతును తన చేత్తోనే చెరిపేస్తానని నాకు మాటిచ్చారు. వెళ్లాల్సిన రోజు ఇంకా రాకముందే ఆయన పేపరు చదువుకుంటూ కన్నుమూశారు. ఆ చొక్కాతోనే ఆయన్ని సాగనంపారు.

సమాధుల తోటలో అంత జనాన్ని నేనూహించలేదు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే ట్రాక్టర్లలో, ఆటోల్లో ఇంకా వస్తూనే ఉన్నారు. నీళ్ల ట్యాంకర్లు తిరిగే ఊళ్ల నుంచి ఆడవాళ్లు గుంపులుగా వచ్చి, ఒక్కొక్కరే పిడికెడు మట్టి వేసి పక్కకు తప్పుకున్నారు. మార్తమ్మత్త నా చెయ్యి పట్టుకుని చెవిలో అడిగింది. "ఆమె వచ్చిందా కోడలా?" నాకు తెలియదన్నాను. "నాకూ చెప్పలేదులే. మంచిపని చేసినాడు" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను తల వంచుకున్నాను. ఎవరు ఎక్కువ ఏడుస్తున్నారో నా కళ్లు వెతుకుతాయేమోనని, అంతసేపూ నేల వైపే చూశాను.

ఇలాంటి మనిషిని మళ్లీ చూస్తామా అంటే, నేనైతే చూస్తానని అనుకోను. విలేకరులు వస్తారు, వకీళ్లూ వస్తారు, మా పిటిషన్లు మేం రాసుకుంటాం. ఇద్దరం గొంతులు పెంచుకున్నప్పుడు మధ్యలో చెంచా తిప్పుకుంటూ కూర్చుని, చివర్లో ఒక్క మాటతో ఇద్దరినీ ఒకే కాగితం మీదికి తెచ్చేవాళ్లు ఎవరున్నారు? మొన్నటి సమావేశంలో సుబ్బారెడ్డన్నా నేనూ ఆయన కుర్చీ ఖాళీగా ఉంచి, చాలాసేపు పోట్లాడుకోకుండా కూర్చున్నాం. పోట్లాడుకోవడానికి కూడా ఆయన కావాలి.

వారసత్వపు కాగితాలు తేలేదాకా ఆ ఫోను సీలు వేసిన కవరులో, ఏదో గదిలో, ఎవరెవరి చేతుల మీదుగానో ఉంటుంది. ఒక ఆడమనిషి గొంతు, పేరుతో ఊరితో ఇంటి గుర్తులతో సహా, ఇంకా అందులోనే ఉంది. మామ గురించి ఏదీ దాచకుండా అంతా రాయమన్నాడు సుబ్బారెడ్డన్న. రాశాను. ఆ నంబరు నాకూ తెలుసు మామా, అదొక్కటే రాయలేదు.